మన్ననూరు దాటాక మ్యాప్ ఎక్కడుంటుంది?

మీరు ముందు సీట్లో కూర్చోండి, డ్రైవర్ అన్న పక్కన. ఈ పూట చూడాల్సింది సగం రోడ్డు మీద ఉంటే సగం డ్యాష్‌బోర్డు మీదే ఉంది. రెండూ అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి. వెనక సీట్లో నేను, మా మేనకోడలు. తుక్కుగూడ దగ్గర అవుటర్ రింగు రోడ్డు దాటేశాం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సిటీకి వచ్చే కూరగాయల ఆటోల లైట్లు అద్దం మీద పడి జారిపోతున్నాయి. శ్రీశైలం ఇంకా దాదాపు 200 కిలోమీటర్లు.

ఏసీ గాలి వచ్చే చోట బిగించిన హోల్డర్‌లో అన్న ఫోన్ ఉంది. అందులో గూగుల్ మ్యాప్స్. నీలం గీత నేరుగా దక్షిణానికి సాగిపోతోంది. మలుపు దగ్గరపడ్డప్పుడల్లా తెలుగులో చెబుతోంది. తెలుగులో దారి చెప్పడం ఆ యాప్‌లో 2018లో మొదలైంది. అన్నకు ఇంగ్లిష్ గొంతు నచ్చదు, అది ఊళ్ల పేర్లు పలికే తీరు ఆయనకు అర్థం కాదు. దాని పక్కన, అద్దానికి అంటించిన స్టాండులో నా ఫోన్. అందులో ఆర్గానిక్ మ్యాప్స్ నడుస్తోంది. అదీ పైసా అడగదు. ఇంటి దగ్గరే దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాను. నెట్ లేదు, కాల్స్ రావు. అయినా బాణం గుర్తు మనతోపాటే కదులుతోంది, చూడండి.

మూడో ఫోన్ మా మేనకోడలి చేతిలో ఉంది. అందులో సిజిక్. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలోని కంపెనీ చేసిన యాప్ అది. మా మేనకోడలు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది, దీనికి ఏటా చందా కడుతోంది.

"చందా గడువు దగ్గరపడింది మామయ్యా. మళ్లీ కట్టాలా, మానేయాలా? ఈ రోడ్డు మీదే తేల్చుకుంటా" అంది.

అన్న అద్దంలోంచి వెనక్కి చూశాడు. "మా తమ్ముడు లారీ కొన్నడు సార్. పైసలు కట్టే మ్యాప్ వేసుకొమ్మని ఎవరో చెప్పిన్రట. నన్ను అడుగుతుండు. నాకేం తెల్వదు. జర మీరే చెప్పాలె."

ఇద్దరి ప్రశ్నా ఒకటే. ఊరికే వచ్చేది ఉండగా డబ్బు కట్టాలా? దానికి జవాబు ఇంట్లో కూర్చుని, యాప్ స్టోర్‌లో చుక్కలు లెక్కపెట్టి చెప్పలేం. దారి అంతా సిగ్నల్ ఉండే చోట మూడు యాప్‌లూ మంచివే. నల్లమలలోకి వెళ్తే తేడా తెలుస్తుంది. అందుకే ఈ రోడ్డు.

కడ్తాల్ దాటాం. ఎండ ఎడమ వైపు నుంచి వాలుగా పడుతోంది. ఆమనగల్లు ఇంకా రాకముందే అన్న ఫోన్‌లో నీలం గీత ఒక చోట నారింజ రంగుకు తిరిగి, ఆ వెంటనే ఎర్రబడింది. నా ఫోన్‌లో ఏ మార్పూ లేదు. ముందుకు వెళ్లి చూస్తే నిజమే. బస్సు ఆగి ఉంది, దాని పక్కన ట్రాక్టరు, మధ్యలో స్కూటర్లు. అన్న ఇంజన్ ఆపి కిటికీ దించాడు. వేడి వేడి మిర్చి బజ్జీల వాసన లోపలికి వచ్చింది.

ఈ ఎరుపు ఆ ఫోన్‌కు ఎలా తెలిసిందో ఒక్కసారి ఆలోచించండి. మన ముందు ఆగిన బస్సులో నలభై మంది ఉన్నారనుకోండి. వాళ్ల జేబుల్లోని ఫోన్లలో లొకేషన్ ఆన్‌లో ఉన్నవి తామెక్కడున్నదీ, ఎంత వేగంతో కదులుతున్నదీ చెబుతుంటాయి. అన్నీ ఒక్క చోటే ఆగిపోతే అక్కడ రోడ్డు ఎర్రబడుతుంది. ఇప్పుడు మన ఫోన్ కూడా ఆ లెక్కలో చేరింది. వెనక వచ్చే కారులో వాళ్లకు ఈ ఎరుపును చూపిస్తున్నవాళ్లలో మనమూ ఉన్నాం. ఇది నిజంగా గొప్ప సౌకర్యం. హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లేవాళ్లకు దీనికి సాటి వచ్చేది లేదు. డబ్బు కట్టే యాప్‌లలోనూ ట్రాఫిక్ సమాచారం ఉంటుంది. కానీ ఎక్కువ ఫోన్లు ఎవరి లెక్కలో ఉంటే వాళ్ల ఎరుపే నమ్మదగ్గది. మన రోడ్ల మీద ఆ బలం గూగుల్‌ది.

దానికి మనం ఇచ్చేది మన కదలిక. ఏ వీధిలో ఉంటాం, ఏ ఆసుపత్రికి వెళ్తాం, ఏ షాపు ముందు ఎంతసేపు ఆగుతాం అన్నదంతా ఆ లెక్కలో పడుతుంది. ఆ కదలికల చిట్టాకు, ప్రకటనలకు సంబంధం ఉంది. లొకేషన్ వివరాలు సేకరించే తీరుపై జనాన్ని తప్పుదోవ పట్టించిందన్న ఆరోపణల మీద 2022 నవంబరులో గూగుల్ అమెరికాలోని 40 రాష్ట్రాలతో 39.15 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ యాప్ వాడొద్దని చెప్పడానికి కాదు ఈ మాట, నేనూ రోజూ వాడతాను. కానీ ఊరికే వస్తోందని అనుకుంటూ వాడటం వేరు, ఏమిస్తున్నామో తెలిసి వాడటం వేరు. సెట్టింగుల్లోకి వెళ్లి మన కదలికలు దాచే టైమ్‌లైన్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూసుకుని, మనకు కావలసినట్టు పెట్టుకుంటే మన వైపు నుంచి బేరం కాస్త సరిగా ఉంటుంది.

బస్సు కదిలింది. ఎరుపు కరిగిపోయింది.

కల్వకుర్తి దగ్గర టీ తాగడానికి ఆగాం. గాజు గ్లాసు వేళ్లకు చురుక్కుమంటోంది. మా మేనకోడలు ఫోన్ బల్ల మీద పెట్టి, "అసలు మ్యాప్‌కి డబ్బు కట్టడం ఎప్పుడు మొదలైంది మామయ్యా?" అని అడిగింది. ఈ తరానికి అది వింతగానే ఉంటుంది.

మొదట్లో అన్నీ డబ్బువే. 2009 ఆగస్టులో టామ్‌టామ్ కంపెనీ ఐఫోన్‌కు నావిగేషన్ యాప్ తెచ్చింది. అమెరికా, కెనడా మ్యాప్‌తో కలిపి ధర 99.99 డాలర్లు. కొన్నవాళ్లు కొన్నారు. అదే ఏడాది అక్టోబరు 28న గూగుల్ తన ఆండ్రాయిడ్ ఫోన్లలో మలుపు మలుపుకూ గొంతుతో దారి చెప్పే సౌకర్యాన్ని ఉచితంగా ఇస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఒక్క రోజే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు దారుణంగా పడిపోయాయి. మరుసటి జనవరిలో నోకియా కూడా తన ఓవీ మ్యాప్స్‌లో నావిగేషన్‌ను ఉచితం చేసింది. ఆ మ్యాప్‌ల కోసమే నోకియా అంతకు రెండేళ్ల ముందు నావ్‌టెక్ అనే కంపెనీని 810 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. అంత పెట్టి కొన్నదాన్ని ఊరికే పంచాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మన దగ్గర నోకియా ఫోన్ ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మ్యాప్ మొత్తం ఫోన్‌లోకి ముందే దించుకుంటే నెట్ లేకుండానే దారి చూపేది. ఇక్కడ మ్యాప్‌మైఇండియా కారు డ్యాష్‌బోర్డు మీద అంటించుకునే పరికరాలు అమ్మేది.

"మరి డబ్బు పెట్టి కొన్నవాళ్ల సంగతేమైంది?"

అది తెలుసుకోవాల్సిన కథే. జర్మనీలో నావిగాన్ అనే యాప్ ఉండేది. యూరప్‌లో కారు నడిపేవాళ్లు మంచి ధర పెట్టి కొనుక్కున్నారు. 2011లో ఆ కంపెనీని గార్మిన్ కొనేసింది. 2018లో ఆ యాప్ అమ్మకం ఆపేశారు. డబ్బు కట్టినంత మాత్రాన ఆ మ్యాప్ మనకు చిరకాలం ఉంటుందన్న హామీ లేదు. కొత్త రోడ్లు ఎక్కించేవాళ్లు ఉన్నన్నాళ్లే మ్యాప్‌కు ప్రాణం. జీవితకాలం అని రాసి ఉన్న ధర చూసినప్పుడు, ఎవరి జీవితకాలం అని అడగాలి. మనదా, కంపెనీదా, ఫోన్‌దా?

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే ఏడాదికోసారి కట్టుడే నయం అంటరా?" కట్టాల్సి వస్తే అదే నయం. నచ్చకపోతే వచ్చే ఏడాది మానేయొచ్చు.

మళ్లీ రోడ్డు. డిండి జలాశయం దగ్గర కారు కాసేపు పక్కకు ఆపమన్నాను. దిగండి. తల పైకెత్తండి. ఒక్క చెట్టు కొమ్మ కూడా అడ్డం లేని ఆకాశం. నీటి మీద నుంచి వచ్చే గాలికి చొక్కా రెపరెపలాడుతోంది. నా ఫోన్‌లో మనమున్న చోటు చుట్టూ గీసిన వలయం బాగా చిన్నదైంది.

పైన, దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. తామెక్కడున్నదీ, తమ గడియారంలో టైమెంతన్నదీ ఆపకుండా చెబుతూనే ఉంటాయి. కనీసం 4 ఉపగ్రహాల మాట వినిపిస్తే చాలు, ఆ సంకేతాలు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోన్ తానెక్కడున్నదీ తానే లెక్క కట్టుకుంటుంది. ఫోన్ వినడమే తప్ప పైకి ఏమీ పంపదు. అందుకే సిమ్ తీసేసినా, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా పని చేస్తుంది. నెట్ ఉంటే ఉపగ్రహాల జాడ త్వరగా దొరుకుతుంది. లేకపోతే మొదటిసారి అర నిమిషమో, ఇంకాస్త ఎక్కువో ఓపిక పట్టాలి. 2000 మే 2కు ముందు అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే మసకబరిచేది. ఆ రోజు ఆ మసక తీసేసింది. మన దేశం సొంతంగా కట్టుకున్న వ్యవస్థ నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లింది. వీటిలో దేనికీ మనం చందా కట్టనక్కర్లేదు.

అంటే మనమెక్కడున్నామో తెలుసుకోవడం ఎప్పుడూ ఉచితమే. ఖర్చంతా మ్యాప్‌ది. ఈ రోడ్డు డిండి మీదుగా పోతుందని, ఇక్కడ వన్‌వే అని, ఆ వంతెన కొత్తదని ఎవరో తిరిగి చూసి రాయాలి. మారినప్పుడల్లా మళ్లీ రాయాలి. వాన అందరి మీదా ఒకేలా కురుస్తుంది, బిందె ఎవరు చేయించారన్నదే తేడా.

గూగుల్ బిందెను ప్రకటనలు చేయించాయి. సిజిక్ బిందెను మా మేనకోడలిలాంటి చందాదారులు చేయించారు. మ్యాపుల్స్ అని ఇంకో యాప్ ఉంది, మ్యాప్‌మైఇండియా వాళ్లది, 1995లో మొదలైన మన దేశపు కంపెనీ. జనానికి ఊరికే ఇస్తుంది. కార్ల కంపెనీలకు, పెద్ద సంస్థలకు మ్యాప్ అమ్మి దాని ఖర్చు రాబట్టుకుంటుంది. ఇక నా ఫోన్‌లోని యాప్ వాడేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. మ్యాప్‌ను ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. లోకమంతటా ఉన్న ఔత్సాహికులు తమ వీధిని, తమ ఊరి చెరువుగట్టును తామే ఎక్కిస్తారు. దాన్ని తీసుకుని ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ లాంటి యాప్‌లు దారి చూపిస్తాయి. ఆర్గానిక్ మ్యాప్స్‌లో ప్రకటనలు ఉండవు, మన కదలికల చిట్టా ఉండదు, విరాళాల మీద నడుస్తుంది. ఆస్మ్‌అండ్ ప్లేస్టోర్‌లో ఉచితంగా దొరికినా, దించుకునే మ్యాప్‌ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. అది దాటితే కొనాలి. అదే యాప్ ఎఫ్‌-డ్రాయిడ్ అనే ఇంకో యాప్ స్టోర్‌లో ఆ పరిమితి లేకుండా దొరుకుతుంది.

ఇక్కడే అసలు ప్రశ్న మారిపోయింది. ఉచితమా, డబ్బుదా అని కాదు. నేను పోయే దారిలో సిగ్నల్ పోతే నా మ్యాప్ ఎక్కడుంటుంది, ఫోన్ లోపలా బయటా? దాన్ని ఎవరు పోషిస్తున్నారు? ఈ రెండు తెలిస్తే ధర సంగతి చివరికి దానంతటదే తేలుతుంది.

హాజీపూర్ కూడలి దాటగానే రోడ్డు పక్క పొలాలు పలచబడి, కొండల అంచు కనిపించింది. మన్ననూరు. అటవీ శాఖ చెక్‌పోస్టు, అడ్డగేటు. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా ఇక్కడి నుంచి వాహనాలను లోపలికి వదలరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇక్కడి నుంచే. గేటు పక్కన కోతులు కార్ల బానెట్ల మీదికి ఎక్కి దిగుతున్నాయి. కిటికీ ఎత్తండి, చేతిలోని అరటిపండు లాక్కుపోతాయి.

"సార్, ఇగ ఇక్కడి సంది సిగ్నల్ నమ్మొద్దు" అన్నాడు అన్న.

సరిగ్గా అందుకే ఇక్కడ ఆగుదాం. సిగ్నల్ ఇంకా ఉంది. అన్న ఫోన్ ఇలా ఇవ్వండి. గూగుల్ మ్యాప్స్‌లో కుడి పైమూల మన బొమ్మ మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. మనకు కావలసిన ప్రాంతం చతురస్రంలోకి వచ్చేలా వేలితో జరిపి, డౌన్‌లోడ్ నొక్కాలి. శ్రీశైలం, సున్నిపెంట, దోర్నాల అన్నీ లోపలికి వచ్చేలా పెట్టాను. డౌన్‌లోడ్ గీత నెమ్మదిగా నిండుతోంది. ఈ పని ఇంట్లో వైఫై మీద చేసుకుని ఉంటే ఇక్కడ నిలబడాల్సిన పని లేదు. దించుకున్న మ్యాప్‌కు గడువు ఉంటుంది, అప్పుడప్పుడు కొత్తది చేసుకోవాలి. నెట్ లేనప్పుడు కారు దారి చూపిస్తుంది గానీ, ట్రాఫిక్ రంగులు, వేరే దారుల సూచనలు, నడక దారి ఉండవు. ఆ కాస్త తెలిసి ఉంటే చాలు.

డౌన్‌లోడ్ పూర్తయింది. గేటు లేచింది.

అడవి ఒక్కసారిగా మీదికి వచ్చింది. రోడ్డు మీద నీడలు, మధ్య మధ్య ఎండ మచ్చలు. అన్న వేగం తగ్గించాడు, హారన్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఇది జంతువుల ఇల్లు. ఎండుటాకుల వాసన. ఫరహాబాద్ దాటాక ఫోన్ మీద సిగ్నల్ గీతలు చూడండి. నాలుగు, రెండు, ఒకటి. తర్వాత ఏమీ లేదు. ట్రాఫిక్ రంగులు మాయమయ్యాయి. నీలం గీత మాత్రం అలాగే ఉంది, బాణం దాని మీద జారుతూనే ఉంది. నా ఫోన్‌లో ఏ మార్పూ రాలేదు, దానికి పొద్దుటి నుంచీ నెట్ లేదు కదా. మా మేనకోడలి ఫోన్ కూడా నిశ్చింతగా ఉంది. సిజిక్‌లో మ్యాప్ మొత్తం ఫోన్‌లోకే దిగుతుంది. మూడు ఫోన్లూ ఒకే మలుపును ఒకేసారి చూపిస్తున్నాయి.

"చూశావా మామయ్యా, తేడా ఏమీ లేదు" అంది. ఆ మాటలో కొంచెం నిరాశ కూడా ఉంది, డబ్బు కట్టింది తనే కాబట్టి.

వటవర్లపల్లిలో మంచినీళ్ల కోసం ఆగాం. ఇద్దరు కుర్రాళ్లు బైక్ పక్కన నిలబడి ఫోన్‌ను పైకెత్తి పట్టుకున్నారు. "అన్నా, మల్లెల తీర్థం ఎటు పోవాలె?" ఆ జలపాతానికి వెళ్లాలట. వాళ్ల ఫోన్‌లో చుక్క ఉంది. చుట్టూ మాత్రం ఖాళీ గళ్లు. తామెక్కడున్నదీ ఫోన్‌కు తెలుసు, అక్కడ ఏముందో తెలియదు. ముందుగా ఏమీ దించుకోలేదు. యాప్‌ది తప్పు కాదు, డబ్బు కట్టనందుకు వచ్చిన ఇబ్బందీ కాదు. సిగ్నల్ ఉన్నప్పుడు రెండు నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది. నా ఫోన్‌లో మలుపు చూపించాను. దుకాణం ముందు కూర్చున్న పెద్దమ్మ అంతకన్నా బాగా చెప్పింది. "ఆ తోవన పొండ్రి బిడ్డా, కిందికి మెట్లున్నయి, జారుతయి, పైలం." మెట్లు జారతాయన్న సంగతి మన మూడు ఫోన్లలోనూ లేదు.

ఆమె ఇంకొక మాట కూడా అంది. లోపల తమవాళ్ల పెంటలున్నాయట. చెంచుల ఆవాసాలను పెంటలంటారు. ఆమె చెప్పిన పేరు మూడు ఫోన్లలోనూ వెతికాం. రాలేదు. జనం తక్కువ, వ్యాపారం లేదు. ప్రకటన ఇచ్చేవాళ్లు ఉండరు, చందా కట్టేవాళ్లు ఉండరు. అలాంటి చోటును మ్యాప్‌లోకి ఎక్కించాలన్న తొందర ఏ కంపెనీకీ ఉండదు. అక్కడికి అంబులెన్సు వెళ్లాల్సి వస్తే ఏ యాప్ దారి చూపిస్తుంది? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటిది ఉండాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే. అక్కడి మనుషులు ఒప్పుకుంటే, ఆ పేరును వాళ్లు పలికినట్టే తెలుగులో రాసి పెట్టడానికి ఎవరి అనుమతీ, ఎవరి లాభమూ అక్కర్లేదు. మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి మూసి ఉంటుందన్న వేళలను కూడా అందులో రాయొచ్చు, దానికి పద్ధతి ఉంది.

దోమలపెంట దాటాక ఘాట్ మొదలైంది. ఈగలపెంట నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ దిగుతోంది. అన్న ఫోన్ వైపు చూడటం మానేశాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే, కళ్లు మలుపు అవతలి అద్దం మీదే. అది చూసి నాకు ధైర్యంగా ఉంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర రామగంగ మీద ముందు భాగం కొట్టుకుపోయిన వంతెన మీది నుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. నావిగేషన్ చూసుకుంటూ వెళ్లి ఉంటారని అప్పట్లో వార్తలు వచ్చాయి. వంతెన తెగిన సంగతి ఎవరైనా రాస్తేనే మ్యాప్‌కు తెలుస్తుంది. రాసేలోగా దాని మీదికి వెళ్లేది మనం. డబ్బు కట్టిన మ్యాప్ అయినా అంతే. ఫోన్ చెప్పేది సలహాగా తీసుకోవాలి, నిర్ణయం మాత్రం ముందు అద్దంలోంచి చూసే కళ్లది.

అదిగో చూడండి, చెట్ల సందులోంచి డ్యామ్. పన్నెండు గేట్లూ మూసి ఉన్నాయి. కింద కృష్ణమ్మ లోయలో సన్నగా. డ్యామ్ దిగువన వంతెన మీదికి వచ్చాం. వంతెనకు ఇటు తెలంగాణ, అటు ఆంధ్రప్రదేశ్. ఇక్కడ ఇంకో జాగ్రత్త తెలుస్తుంది. రాష్ట్రాల వారీగా మ్యాప్ దించుకునే యాప్‌లో ఒక్క తెలంగాణే దించుకుని వస్తే, ఈ వంతెన మధ్య నుంచి వివరమేమీ ఉండదు. శ్రీశైలం నంద్యాల జిల్లాలో ఉంది. భద్రాచలం నుంచి చింతూరు వెళ్లేవాళ్లు, తిరుపతి నుంచి చెన్నై వెళ్లేవాళ్లు కూడా రెండు వైపులా దించుకోవాలి. నేను నిన్ననే రెండూ దించుకున్నాను, బాణం ఆగకుండా అవతలి గట్టెక్కింది.

సున్నిపెంట చేరేసరికి మూడు ఫోన్లలో రెండు ఒక్కసారిగా టింగ్ టింగ్ అంటూ మోగాయి. సిగ్నల్ వచ్చింది. చెట్టు కింద కారు ఆపి, ఇడ్లీ పొట్లాలు విప్పాం. ఇప్పుడు తేల్చాల్సినవి తేల్చుదాం.

మొదట మా మేనకోడలు. ఆమె మ్యూనిక్ నుంచి సెలవు రోజుల్లో కారులో స్విట్జర్లాండ్ కొండలకు వెళ్తుంది. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య 2017 జూన్ నుంచి రోమింగ్‌కు అదనపు ఛార్జీ లేదు. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. సరిహద్దు దాటగానే డేటా ఆపుకోవడమో, ప్యాక్ వేసుకోవడమో చేయాల్సి రావొచ్చు. అందుకే మ్యాప్ ఫోన్‌లోనే ఉండాలని ఆమె చందా మొదలుపెట్టింది. ఆ కారణం న్యాయమైనదే, కానీ ఈ రోజు చూశాక ఆ కారణం ఒక్కటే చాలదని ఆమెకే తెలిసింది. ఆ పని ఉచిత ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా చేస్తుంది. "మరి లేన్ ఏది పట్టుకోవాలో బొమ్మ వేసి చూపించడం, స్పీడు లిమిట్ హెచ్చరిక నాకు రోజూ పనికొస్తాయి మామయ్యా. ఆటోబాన్ మీద చీలిక తప్పితే చాలా దూరం పోవాలి" అంది. అయితే కట్టుకో తల్లీ. నీకు రోజూ పనికొచ్చేదానికి కడుతున్నావు, భయంతో కట్టడం లేదు.

తర్వాత మీరు. ఊళ్లో ఆఫీసుకు, పెళ్లిళ్లకు, ఏడాదికి ఒకటి రెండు సార్లు పుణ్యక్షేత్రాలకు వెళ్లేవారైతే చందా అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో మీ జిల్లా, వెళ్లే జిల్లా దించుకోండి. దానికి తోడుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యాప్ ఒకటి పెట్టుకోండి. ఒకదానికి తెలియని సందు రెండోదానికి తెలియొచ్చు. బైక్ మీద వెళ్తే టూవీలర్ మోడ్ ఎంచుకోండి, 2017 డిసెంబరులో అది మొదలైందే మన దేశంలో. ఛార్జర్ వైరు కారులోనే ఉంచండి. స్క్రీన్ వెలుగుతూ, జీపీఎస్ నడుస్తూ ఉంటే బ్యాటరీ గంటల్లో అయిపోతుంది. మీరు ఆదా చేసిన చందాకు బదులుగా మీ వీధిని, మీ ఊరి పేరును, ఊరి పీహెచ్‌సీని తెలుగులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించండి. ఇవాళ రాత్రి శ్రీశైలంలో గదికి చేరాక నేనూ ఆ పనే చేస్తాను. మల్లెల తీర్థం మెట్ల దారిని తిరుగుదారిలో నడిచి చూసి మరీ రాస్తాను.

మిగిలింది అన్న తమ్ముడి లారీ. లారీ సంగతి వేరు. కారు దూరే కమాను కింద లారీ ఇరుక్కుంటుంది, కారు మోసే కల్వర్టు లారీ బరువుకు కుంగుతుంది. బండి ఎత్తు, బరువు, పొడవు అడిగి, దానికి తగ్గ దారి చూపించే యాప్‌లు ఎక్కువగా డబ్బు కట్టేవే. సిజిక్‌కూ టామ్‌టామ్‌కూ లారీల కోసం విడిగా యాప్‌లు ఉన్నాయి. అది నిజంగా డబ్బుకు తగ్గ పని. కాకపోతే అతని లారీ తిరిగే రోడ్ల మీద వంతెనల ఎత్తులు, బరువు పరిమితులు ఆ మ్యాప్‌లో రాసి ఉంటేనే ఆ పని జరుగుతుంది. అది తెలుసుకోవాలంటే ట్రయల్ వాడి చూడటమే. తనకు బాగా తెలిసిన తక్కువ ఎత్తు కమాను ఒకటి పెట్టి, దాని కింది నుంచి వెళ్లమంటుందా, తప్పించి తీసుకెళ్తుందా చూడాలి.

అన్న ఇడ్లీ ఆకు మడిచి డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, అక్కడే తమ్ముడికి ఫోన్ కలిపాడు. స్పీకర్ ఆన్ చేసి ఉంది, మనకూ వినిపిస్తోంది.

"తమ్మీ, ఇన్ను. ముందుగాల పోయే జిల్లాల మ్యాప్‌లన్నీ ఫోన్‌ల దించుకో, అది ఫ్రీనే. పైసలు కట్టేదాన్ని ట్రయల్ ఉన్నన్ని దినాలు వాడి చూడు. మన బండి ఎత్తు, బరువు అడిగి, మనూరి రైలు కమాను కిందికెంచి పొమ్మనకుంట తప్పిస్తే కట్టు. కమాను కిందికే పంపితే ఆ పైసలు డీజిల్‌ల పొయ్యి."